పట్టిందని చెప్పాను

చిట్టి బస్సు టిక్కెట్టు తీసుకుందన్న సంగతి నాకు మావయ్య నోటి వెంట తెలిసింది.

"గురువారం లెన్సుల కార్ఖానా మేడమ్ వస్తుంది, పరీక్ష పెడుతుంది. నెగ్గితే అక్కడ పని ఇస్తుంది, శుక్రవారం పొద్దున్నే మహారాణిగారు బస్సెక్కుతారు," అన్నాడు, లేత్ మీద తిరుగుతున్న గొట్టం మీంచి తలెత్తకుండా. "నీకు చెప్పలేదా? అయ్యో పాపం. మీరిద్దరూ ఒకటే ప్రాణమని వీధంతా అనుకుంటోందే!"

నా చేతిలో ఉన్న స్ప్రింగు వంకరపోయింది. దాన్ని పక్కన పడేసి ఇంకొకటి తీసుకున్నాను.

మా ఇంట్లో చేత్తో పట్టుకునే లేజర్ లైట్లు తయారుచేస్తాం. కంపెనీ సరుకు కాదు, సొంతంగా చేసినవే. పండ్లతోటల వాళ్ళు పిట్టల్ని తోలడానికి కొంటారు. నక్షత్రాలు చూపించే మాస్టార్లు కొంటారు. స్టేజీ మీద రంగుల గీతలు ఆడించేవాళ్ళు కూడా వస్తారు. ముందు గదిలో మావయ్య అల్యూమినియం కడ్డీని లేత్ మీద తొలిచి గొట్టం చేస్తాడు. వెనక గదిలో కిటికీ కింద మా బల్ల. ఎడమ పక్క నేను, కుడి పక్క చిట్టి. చిట్టి నా చెల్లెలు, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. అమ్మ పోయేనాటికి దానికి జడ వేసుకోవడం రాదు. ఆ జడ నేనే వేశాను. తర్వాత ఈ పని కూడా నేనే నేర్పాను.

నా వంతు బ్యాటరీలు. గొట్టం అడుగున స్ప్రింగు, దాని మీద లిథియం సెల్, వెనక మూతలో స్విచ్చి. వినడానికి తేలికే. సెల్ రెండు మిల్లీమీటర్లు పొడుగైతే మూత బిగించేటప్పుడు స్ప్రింగు నలిగి పక్కకి ఒరుగుతుంది. ఒరిగిన స్ప్రింగు తగలకూడనిచోట తగిలిందంటే సెల్ మండుతుంది. అందుకని ప్రతి సెల్నీ కొలుస్తాను. పైన ప్లాస్టిక్ తొడుగు ఎక్కడైనా చిరిగిందేమోనని గోటితో తడుముతాను. అది చూసి మావయ్య, "ఇదిగో, మళ్ళీ సెల్‌కి పేలు చూస్తోంది," అంటాడు.

చిట్టి వంతు రాగిదిమ్మ. అమ్మే పెట్టెల మీద హీట్‌సింక్ అని రాసి ఉంటుంది, మేం మాత్రం రాగిదిమ్మ అనే అంటాం. లేజర్ వెలుగు పుట్టేది మినపగింజంత డయోడ్‌లో. వెలిగిన మరుక్షణం నుంచి అది తన వేడికి తనే కాలిపోతూ ఉంటుంది. ఆ వేడిని రాగిదిమ్మ పీల్చుకుని గొట్టానికి ఇవ్వాలి, గొట్టం మన అరచేతికి ఇవ్వాలి. పట్టుకున్న చేతికి వెచ్చదనం తెలిస్తే లోపల డయోడ్ క్షేమంగా ఉన్నట్టు.

వేడి అలా దాటాలంటే దిమ్మకీ గొట్టానికీ మధ్య గాలి చొరబడే సందు కూడా ఉండకూడదు. అందుకని మావయ్య దిమ్మని గొట్టం లోపలి కొలత కంటే వెంట్రుకలో మూడోవంతు లావుగా చేస్తాడు. మామూలుగా అది దూరదు. దిమ్మని ముందురోజే కొలిచి, కాగితంలో చుట్టి, ఫ్రిజ్‌లో మంచు అరలో పెడతాం. గొట్టాన్ని పెనం మీద కాలుస్తాం. కాలిన గొట్టం సాగుతుంది, చల్లబడిన దిమ్మ కుంచించుకుంటుంది. అప్పుడు వదలాలి. ఒక్క ఊపిరి సేపు మాత్రమే దారి ఉంటుంది. ఆ తర్వాత రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఇక విడదీయాలంటే గొట్టాన్ని కోయాల్సిందే.

మా ఇంట్లో ఇంకో కట్టుబాటు ఉంది. దిమ్మ వేసిన మనిషి తన పని తాను చూసుకోకూడదు. రెండో మనిషి చెక్కపుల్ల పెట్టి దిమ్మని తిప్పి చూసి, కదలకపోతే "పట్టింది" అనాలి. ఆ మాట విన్నాకే గొట్టం ముందువైపు రింగు బిగించి డయోడ్ కూర్చాలి. ఈ కట్టుబాటు పెట్టడానికి మావయ్య కుడికన్ను పోవాల్సి వచ్చింది. తను వేసిన దిమ్మని తనే చూసుకుని బాగుందనుకున్నాడు. ఆ దిమ్మ పక్కకి జరిగి, వెలుగు రింగు అంచుకి తగిలి వెనక్కి కొట్టింది. అప్పటినుంచీ ఏ మనిషినైనా తల పక్కకి తిప్పి ఎడమ కంటితో చూస్తాడు. ఎవరితో మాట్లాడుతున్నా ఎవరి మీదో చాడీ చెబుతున్నట్టుంటుంది.

ఆరేళ్ళుగా చిట్టి వేసిన ప్రతి దిమ్మకీ పట్టిందని చెప్పింది నేనే.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగాను.

"ఎప్పుడు చెబుదామనుకున్నావే?"

"పరీక్ష అయ్యాక," అంది చిట్టి. దాచలేదు, తడబడలేదు. "ముందే చెబితే నువ్వేం చేస్తావో నాకు తెలీదా? అన్నం మానేస్తావు. గోడవైపు తిరిగి పడుకుంటావు. నేను కాళ్ళబేరానికి వస్తాను."

"ఇక్కడ నీకేం తక్కువైంది?"

"తక్కువేం లేదక్కా, ఎక్కువైంది. నేను కొట్టుకెళ్తే గేటు దగ్గర నిలబడతావు. స్నానానికెళ్తే తలుపు దగ్గర నిలబడతావు. నాకు ముప్ఫయ్యొకటి. ఇప్పుడు కూడా నీళ్ళలో పడి కొట్టుకుపోతాననుకుంటున్నావా?"

మావయ్య పకపకా నవ్వాడు. "చెంబెడు నీళ్ళే కదా, మహా అయితే మోరీ దాకా పోతావు."

నాకు నవ్వు రాలేదు. నేను అలా నిలబడటానికి కారణం ఉంది. మా ఆయన స్విచ్చిలు కొనుక్కొస్తానని ఆకుపచ్చ సంచీ పట్టుకుని బయల్దేరాడు. నేను పొయ్యి దగ్గర ఉండి, సరే అన్నాను, వెనక్కి తిరిగి చూడలేదు. పంతొమ్మిదేళ్ళయింది. ఎక్కడో ఇంకో ఇంట్లో బతికే ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆయన ముఖం నాకిప్పుడు సరిగా గుర్తులేదు. సంచీ గుర్తుంది. వెనక్కి తిరిగి చూసి ఉంటే ఏం జరిగేదో తెలీదుగానీ, అప్పటినుంచీ ఎవరు గడప దాటినా చూడకుండా ఉండలేను.

"లెన్సుల కార్ఖానాలో ఆడవాళ్ళకి విడిగా గదులిస్తారు," అంది చిట్టి. "వారానికోసారి ఫోన్ చేస్తాను. పండగలా చేస్తాను, సరేనా? ఇక తిను."

నేను తిన్నాను. మానేస్తానని అది ముందే అంది కాబట్టి తిన్నాను.

పరీక్ష ఏమిటంటే, చిట్టి సొంతంగా ఒక లైటు చేసి చూపించాలి. మేడమ్ తన మీటరు తెచ్చుకుంటుంది. మూడు నిమిషాలు వెలిగించి ఉంచితే మీటరు ముల్లు కిందికి దిగకూడదు. అంతే. చిట్టి చేసిన లైటు పది నిమిషాలైనా దిగదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

మంగళవారం సాయంత్రం చిట్టి దిమ్మని మూడుసార్లు కొలిచి మంచు అరలో పెట్టింది. బుధవారం పది గంటలకి, ప్రయాణానికి పెట్టె కొనుక్కుంటానని బజారుకెళ్ళింది. నేను గేటు దాకా వెళ్ళి, వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి ఫ్రిజ్ తెరిచాను.

అప్పటిదాకా చూద్దామనే అనుకున్నాను. ఊరికే చేతిలోకి తీసుకుని చూద్దామని. కాగితం విప్పితే రాగి వేళ్ళకి అంటుకుంది, అంత చల్లగా ఉంది. దాని ఒంటి నిండా చెమట పట్టింది. కొంగుతో తుడిచాను. బల్ల సొరుగులో ఎమరీ కాగితం ఉంటుంది, స్విచ్చి రేకులు గీకడానికి. ఒక ముక్క చింపి, దిమ్మ చుట్టూ పట్టుకుని, పైనుంచి కిందికి లాగాను.

ఒక్కసారి లాగితే ఏమీ కాదు. నూరుసార్లు లాగినా పెద్దగా ఏమీ కాదు. నేను లెక్క పెట్టలేదు. వేళ్ళ చివర్లు తెల్లబడి మొద్దుబారాయి. బల్ల మీద ఎర్రటి పొడి పడుతోంది. మైక్రోమీటరుతో కొలిచి, చాలదనిపించి మళ్ళీ రుద్దాను. మళ్ళీ కొలిచాను. గొట్టం లోపలి కొలత కంటే దిమ్మ సగం వెంట్రుక సన్నబడింది.

అప్పుడు ముందుగదిలో లేత్ ఆగింది.

నా చేతులు కూడా ఆగాయి. మావయ్య దగ్గలేదు, పిలవలేదు, లేచిన చప్పుడు లేదు. కాసేపటికి లేత్ మళ్ళీ తిరిగింది. నేను దిమ్మని కొత్త కాగితంలో చుట్టి అరలో పెట్టి, బల్ల మీది పొడిని తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డని పొయ్యిలో వేశాను.

చిట్టి నీలంరంగు పెట్టె పట్టుకుని వచ్చింది. చక్రాలున్న పెట్టె. గదిలో అటూ ఇటూ లాగి చూపించింది.

"చూడక్కా, వేలితో లాగితే వచ్చేస్తుంది. కూలీ కూడా అక్కర్లేదు."

"నీకు ఎవరూ అక్కర్లేదులే," అన్నాను.

"మొదలెట్టావా!" అంటూ వెనకనుంచి నా భుజాలు పట్టుకుని ఊపింది. దాని చేతులు వెచ్చగా ఉన్నాయి.

రెండు గంటలకి గొట్టం పెనం మీద పెట్టింది. గొట్టం మీద నీటి చుక్క వేస్తే చిటచిటమని ఎగిరిపోయింది. పట్టకారుతో గొట్టాన్ని దించి చెక్క మీద నిలబెట్టి, మంచు అరలోంచి దిమ్మ తీసి, కాగితం విప్పి, ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడే ముందుగదిలో లేత్ పెద్దగా మోగింది. మావయ్య ఏదో లావుపాటి కడ్డీని కోయడం మొదలుపెట్టాడు. చిట్టి దిమ్మని వదిలింది.

"అబ్బ!" అంది. "ఎంత మెత్తగా దిగిందో! వెన్నలో వేలు పెట్టినట్టుంది. చప్పుడయిందా? మావయ్య మోతలో నాకు వినపడలేదు."

"అయినట్టే ఉంది," అన్నాను.

చల్లారనిచ్చాం. చెక్కపుల్ల నేను తీసుకున్నాను. చిట్టి కట్టుబాటు ప్రకారం రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. అది పుల్లని చూడటం లేదు, నా ముఖాన్ని చూస్తోంది. ఆరేళ్ళుగా అలాగే చూసేది. నేను పుల్ల పెట్టి తిప్పాను. గిన్నెలో గరిటె తిరిగినట్టు దిమ్మ తిరిగింది.

"పట్టింది," అన్నాను.

"మేడమ్ మీటరు దేనికి, నువ్వు పట్టిందంటే చాలు నాకు," అంది చిట్టి. నేను రింగు నా చేత్తోనే గట్టిగా బిగించాను, దిమ్మ లోపల ఆడకుండా. డయోడ్ అది కూర్చింది. సెల్ నేనే వేశాను. ఆ సెల్‌ని మాత్రం ఎప్పటికంటే జాగ్రత్తగా కొలిచాను. చిట్టి చేతిలో ఏదైనా మండితే భరించలేను.

సాయంత్రం అది పెట్టె సర్దుకుంటుంటే నేను మంచం మీద కూర్చున్నాను. చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఇంకో గొట్టం ఉంది, ఇంకో దిమ్మ చేయించవచ్చు, టైముంది. అది చీరలు మడతపెడుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. మా ఇంట్లో కూనిరాగం విని ఎన్నాళ్ళయిందో.

"అక్కా, ఒక మాట. శుక్రవారం నువ్వు బస్టాండుకి రావద్దు."

"ఎందుకని?"

"ఏడుస్తావు. అందరూ చూస్తారు. కిటికీ పట్టుకుని బస్సుతోపాటు పరిగెత్తినా పరిగెత్తుతావు. నాకు సిగ్గుగా ఉంటుంది. ఇక్కడే, గేటు దగ్గరే, వెళ్ళొస్తానంటాను. సరేనా?"

"సరే," అన్నాను. లోపల ఏదో గడియ పడినట్టయింది. ఆ తర్వాత చెప్పాలని అనిపించలేదు.

గురువారం లెన్సుల మేడమ్ వచ్చింది. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, చేతిలో తోలుపెట్టెతో. మంచినీళ్ళు కూడా వద్దంది. అందరికీ నారింజరంగు అద్దాలు పెట్టించి, తలుపులు వేయించి, మీటరు బల్ల మీద పెట్టి, "కానివ్వమ్మా," అంది.

చిట్టి లైటు వెలిగించింది. మీటరు నోట్లో నీలం చుక్క పడింది. అద్దాల్లోంచి మాకు మచ్చలా కనిపించింది. ముల్లు లేచి పైన నిలబడింది. చిట్టి పెదాలు కదులుతున్నాయి, సెకన్లు లెక్కపెడుతోంది. ఇరవై దాకా ముల్లు కదల్లేదు. ముప్ఫయ్ దాకా కదల్లేదు. ఒక్క క్షణం, నిలబడుతుందేమో, నా చేత కూడా ఏమీ కాలేదేమో అనుకున్నాను. నలభై దాటాక ముల్లు వణికింది. దిగడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. నిమిషం కూడా కాకుండానే చుక్క మసకబారి, గోధుమరంగులోకి తిరిగి, ఆరిపోయింది.

మావయ్య మెడ పక్కకి తిప్పి నన్ను చూశాడు.

చిట్టి లైటుని రెండు చేతులతో పట్టుకుంది. "చల్లగా ఉంది," అంది. గొంతు పిల్లలా ఉంది. "గొట్టం చల్లగా ఉందేమిటి?"

"ఇలా ఇవ్వు," అని మేడమ్ రింగు విప్పింది. గొట్టాన్ని అరచేతి మీద బోర్లించింది. దిమ్మ దానంతట అదే జారి పడింది. డయోడ్ తీగలు వేలాడుతున్నాయి. ఆమె జేబులోంచి భూతద్దం తీసి చూసి, చిట్టికి అందించింది.

"లేత్ గీతలు చుట్టూ ఉంటాయి. ఇవి నిలువుగా ఉన్నాయి. ఎవరో ఎమరీతో రుద్దారు. ఎవరు రుద్దారు?"

చిట్టి భూతద్దంలోంచి చూసింది. చాలాసేపు చూసింది. తల ఎత్తకుండానే దానికి అర్థమైందని నాకు తెలిసింది, ఎందుకంటే దాని చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు కొడితే అలాగే ఎర్రబడేవి.

"నేనేనండీ," అంది. "దిమ్మ మరీ బిగుతనిపించి రుద్దాను."

"రుద్ది కొలవలేదా?"

"లేదండీ."

"పట్టిందో లేదో ఎవరు చూశారు?"

"అదీ నేనే."

మేడమ్ అద్దాలు తీసి తుడుచుకుంది. "బాగా చేస్తావని విన్నానమ్మా. ఇంత దూరం వచ్చాను కూడా. రుద్దే చేతులు నాకు పనికిరావు." మీటరు పెట్టెలో పెట్టుకుని లేచింది. చిట్టి దణ్ణం పెట్టింది. మావయ్య తలుపు తీశాడు.

నేను తోలుపెట్టె అందుకుని గేటు దాకా వెంట వెళ్ళాను. అలా వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. గేటు దగ్గర ఆమె ఆగింది.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. రుద్దినవాళ్ళకి గీతలు చూస్తే ఆశ్చర్యం వేయదు. ఆ అమ్మాయికి వేసింది. మీ ఇంట్లో రెండో మనిషి చూడాలనే కట్టుబాటు ఉందని ఉత్తరంలో గొప్పగా రాసింది. మరి మీరు చూడలేదా?"

ఆమె కళ్ళు మంచివి. నేను చూశాను, నేనే రుద్దాను, అంటే చాలు. వెనక్కి తిరిగి లోపలికొచ్చేది. ఇంకో దిమ్మ వేయించేది. శుక్రవారం పొద్దున బస్సు ఆరున్నరకి.

"నన్ను పిలవలేదండీ," అన్నాను. "చిన్నప్పట్నుంచీ అంతే. తొందర మనిషి. చెబితే వినదు."

"అయ్యో," అంది మేడమ్. "ఈ పని చేసే కార్ఖానాలు మొత్తం మూడు. మిగతా రెండుచోట్లవాళ్ళూ ఎవరిని తీసుకోవాలన్నా ముందు నన్ను అడుగుతారు. అడిగితే చెప్పకుండా ఉండలేను కదా." తోలుపెట్టె అందుకుని వెళ్ళిపోయింది.

వెనక్కి తిరిగాను. వెనక గది కిటికీ గేటు పక్క సందులోకే తెరుచుకుంటుంది. చిట్టి బల్ల దగ్గర నిలబడి కిటికీ ఊచలు పట్టుకుని ఉంది.

నేను లోపలికి వెళ్ళేసరికి మావయ్య ఎదురొచ్చాడు. "నిన్న నీకోసమే మిషను వేశాను, లావు కడ్డీ ఒకటి వృథా అయింది," అన్నాడు చిన్నగా. "నేనైతే రెండు గీతలతో సరిపెట్టేవాణ్ణి. నువ్వు గుండు గీసేశావు కదే! అక్కంటే నువ్వే."

చిట్టి ఏడవలేదు. అరవలేదు. నీలం పెట్టె తెరిచి చీరలు తీసి బీరువాలో పెట్టింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు సిగ్గు వేయలేదు. ఒక్కొక్క చీరా బీరువాలోకి వెళ్తుంటే నా గుండె మీంచి ఒక్కొక్క రాయి దిగుతున్నట్టుంది. రాత్రికి ఏం వండాలా అని ఆలోచిస్తున్నాను. దానికి ఇష్టమైనది చేద్దామనుకున్నాను.

"కూర్చోండి," అంది చిట్టి.

ఎవరినా అని వెనక్కి చూశాను. ఎవరూ లేరు.

"మిమ్మల్నే. కూర్చోండి." మంచం చూపించింది. "ఆవిడతో నేనే రుద్దానని ఎందుకన్నానో తెలుసా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మా అక్క రుద్దిందంటే ఆవిడ జాలిపడి తీసుకునేది. జాలికి తీసుకుంటే నాకొద్దు. అదొకటి. రెండోది, మీకు టైమిద్దామనుకున్నాను. గదిలో నలుగురి ముందు ఒప్పుకోవడం కష్టం. గేటు దాకా వెళ్తారు, అక్కడైనా నోరు విప్పుతారు అనుకున్నాను. ఊచలు పట్టుకుని ఎదురుచూశాను. విప్పారు. బాగా విప్పారు."

"చిట్టీ, నేను..."

"చెప్పనివ్వండి. నన్నిప్పుడు ఎవరూ తీసుకోరు. ఆవిడ మూడుచోట్లా చెబుతుంది. అంచేత పనిమీద వెళ్ళడం అనేది ఇక లేదు. వెళ్తే ఊరికే వెళ్ళాలి. ఎక్కడికని లేకుండా."

"వెళ్ళకు," అన్నాను. "ఎక్కడికీ వెళ్ళకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే మంచం మీంచి దిగాను. అది కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"వెళ్తాను. ఎప్పుడని మాత్రం చెప్పను. రేపు కావచ్చు, నాలుగేళ్ళకి కావచ్చు. పెట్టె సర్దను. టిక్కెట్టు మావయ్యకి చూపించను. గేటు దగ్గర వెళ్ళొస్తానని అనను. శుక్రవారం అయితే మీకు తెలిసిన రోజు. కడుపారా ఏడ్చి, అక్కడితో అయిపోయేది. అది మీరు వద్దన్నారు."

ముందుగదిలోంచి మావయ్య చప్పట్లు కొట్టాడు. ఒక్కొక్కటిగా, మెల్లగా.

శుక్రవారం ఆరున్నర దాటింది. చిట్టి బల్ల దగ్గరే ఉంది. తొమ్మిదింటికి ఒక దిమ్మ వేసింది. టక్కుమంది. చెక్కపుల్ల నాకు ఇవ్వలేదు, మావయ్యని పిలిచింది. ఆయన ఎడమకన్ను గొట్టంలో పెట్టి చూసి, పుల్ల తిప్పి, "ఉడుం పట్టు!" అన్నాడు.

పదకొండింటికి చిట్టి చెప్పులు వేసుకుంది. చేతిలో ఏమీ లేదు, చిన్న పర్సు తప్ప.

"ఎక్కడికే?" అన్నాను.

చిట్టి గేటు గడియ తీసి, మళ్ళీ వేసి, వీధిలోకి నడిచింది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. మలుపు దగ్గర ఒకసారి ఆగి చెప్పు సరిచేసుకుంది. ఇటు చూడలేదు. అక్కణ్ణుంచి ఎడమకి వెళ్తే సెల్‌ల కొట్టు, కుడికి వెళ్తే బస్టాండు. లారీ ఒకటి అడ్డమొచ్చింది. అది పోయేసరికి మలుపు ఖాళీగా ఉంది.

సెల్‌ల కొట్టుకి నడిచి వెళ్ళి రావడానికి ఇరవై నిమిషాలు. ఇరవై అయ్యాయి. నలభై అయ్యాయి. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వస్తోంది. మావయ్య లోపల్నుంచి, "ఇవాళ మాడు ఎవరికి, వచ్చేవాళ్ళకా ఉన్నవాళ్ళకా?" అని అరిచాడు. నేను గేటు వదల్లేదు.

వెళ్ళిన గంటంబావుకి వచ్చింది. నన్ను దాటుకుని లోపలికెళ్ళి, పన్నెండు సెల్‌ల డబ్బా నా వైపు బల్ల మీద పెట్టింది. నేను ఏడుస్తున్నాను. దాని చెయ్యి పట్టుకోబోయాను. అది చెయ్యి తీసేసుకుని, పైటతో ముఖం తుడుచుకుని, కుండలోంచి నీళ్ళు ముంచుకు తాగింది.

"కొలుచుకోండి," అంది.

నేను కూర్చుని మొదటి సెల్ చేతిలోకి తీసుకున్నాను. కొలత చూస్తున్నాను, అంకె కనపడటం లేదు. చిట్టి గ్లాసు బోర్లించింది. మళ్ళీ చెప్పుల వైపు నడిచింది.